మిజో కొండలలో శాంతి: నాయకత్వపు పరీక్ష



కలహాన్ని ఆరంభించడానికి ఆవేశం చాలు. దానిని ముగించడానికి త్యాగబుద్ధి కావాలి. ఈ సత్యానికి మిజోరాం చరిత్ర చక్కని నిదర్శనం.

1959లో, నాటి అస్సాంలోని మిజో జిల్లాలో వెదురు వనాలు పుష్పించాయి. సుమారు 48 ఏండ్లకొకమారు సంభవించే ఈ ఉత్పాతాన్ని మిజోలు 'మౌతం' అంటారు. వెదురు గింజలు తిని అసంఖ్యాకంగా పెరిగిన ఎలుకలు పంటలను హరించాయి, క్షామం దాపురించింది. ప్రభుత్వ సహాయం సకాలంలో అందలేదన్న ఆవేదన నుండి 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ ఆవిర్భవించింది. దానికి నాయకుడు లాల్‌డెంగా. ఒకప్పుడు ఆయన భారత సైన్యంలో గుమాస్తా.

1966 ఫిబ్రవరి చివర సాయుధ తిరుగుబాటు చెలరేగింది. మార్చి 1న ఫ్రంట్ స్వాతంత్ర్యం ప్రకటించింది. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. ఐజ్వాల్‌పై వైమానిక దాడులు జరిగాయి. 1967 నుండి గ్రామాలకు గ్రామాలనే రహదారుల ప్రక్కకు తరలించారు. సొంత ఊరు విడిచిన రైతుకు ఆ గాయం చిరకాలం మానలేదు.

ఆ చీకటిలో వినబడిన ఒక గొంతు, సైన్యం నుండి విశ్రాంతి తీసుకున్న బ్రిగేడియర్ థెన్‌ఫుంగా సైలోది. 1974లో ఆయన మానవ హక్కుల సంఘాన్ని స్థాపించి ప్రజల బాధలను ప్రభుత్వ దృష్టికి తెచ్చారు. 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. సైనికుని ధైర్యం ఆయుధం పట్టడంలోనే కాక, నిరాయుధుల పక్షాన నిలవడంలోనూ ఉన్నదని చాటారు.

ఏండ్ల తరబడి సంప్రదింపులు సాగి, తెగి, మళ్లీ సాగాయి. తుదకు 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది. అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న లాల్ థన్‌హావ్లా తన పదవిని లాల్‌డెంగాకు విడిచిపెట్టారు. తాను ఉపముఖ్యమంత్రిగా ఉండటానికి సమ్మతించారు. లాల్‌డెంగా స్వతంత్ర దేశమన్న స్వప్నాన్ని వదులుకొని భారత రాజ్యాంగాన్ని అంగీకరించారు. ఒకరు పీఠాన్ని, మరొకరు ఆయుధాన్ని విడిచారు. 1987 ఫిబ్రవరి 20న మిజోరాం 23వ రాష్ట్రమైంది.

అటుపిమ్మట అధికారం చేతులు మారినా, ఆ మార్పు ఎన్నికల ద్వారానే జరిగింది. 2006-07 ప్రాంతంలో వెదురు మళ్లీ పుష్పించింది. అప్పుడు ముఖ్యమంత్రి, అజ్ఞాతవాసంలో లాల్‌డెంగాకు సన్నిహిత సహచరుడైన జోరాంథంగా. ఈమారు ప్రభుత్వం ముందుగానే మేల్కొన్నది. ఎలుకలు వచ్చాయి, పంటలు నష్టపోయాయి. తుపాకులు మాత్రం మ్రోగలేదు.

ప్రజల ఆకలిని సకాలంలో ఆలకించడమే పాలకుల ప్రథమ ధర్మం. ఆ ధర్మం తప్పినందుకు మిజో కొండలు చెల్లించిన మూల్యం ఇరవై ఏండ్ల శాంతి.