ఆట చూద్దాం, ఆడిద్దాం, చదివిద్దాం



ఈ రోజు మాట్లాడుకునేది ఆటల గురించి. "ఆటలతో మాకేం పని? పొలం పని ఉంది, వంట పని ఉంది" అని కొందరు అనుకోవచ్చు. నిజమే. కానీ పిల్లల చదువుకూ ఆటకూ దగ్గర చుట్టరికం ఉంది. ఈ మధ్యనే చదవను, రాయను నేర్చుకున్న తల్లులకు కూడా ఆటలతో పని ఉంది. అది ఎలాగో చూద్దాం.

2025 నవంబర్ 2. ఆ రాత్రి దేశమంతా టీవీల ముందు కూర్చుంది. నవీ ముంబైలో మహిళల ప్రపంచ కప్ క్రికెట్ ఆఖరి ఆట. ఒక పక్క మన దేశం అమ్మాయిలు. ఇంకో పక్క దక్షిణాఫ్రికా అమ్మాయిలు. మనవాళ్లు గెలిచారు. మన ఆడపిల్లలు ఈ కప్పు గెలవడం అదే మొదటిసారి. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది.

పిల్లలు గంతులు వేశారు. టపాకాయలు కాల్చారు. మరి మర్నాడు? చాలా ఇళ్లలో ఆ మాటే లేదు. అంత పెద్ద ఆట వచ్చి పోయింది. దాని వల్ల పిల్లకు ఒక్క అక్షరం వచ్చిందా? ఒక్క లెక్క వచ్చిందా? ఒక్క గంట ఆడుకోను దొరికిందా? ఏదీ లేదు. పండగ వచ్చింది గానీ పిండివంట లేకుండా పోయింది.

నేల పదునుగా ఉన్నప్పుడే విత్తనం వెయ్యాలి. ఆ సంగతి ఇక్కడ ఉన్న అక్కలకు ఎవరూ చెప్పక్కరలేదు. పెద్ద ఆటలు జరిగే రోజుల్లో పిల్లల మనసు అలా పదును మీద ఉంటుంది. అప్పుడు ఏం చెప్పినా నాటుకుంటుంది.

ఆటలో లెక్క

ముందుగా లెక్క సంగతి. ఆ ఆటలో మనవాళ్లు చేసిన పరుగులు 298. దక్షిణాఫ్రికా చేసినవి 246. ఎన్ని పరుగుల తేడాతో గెలిచారు? పిల్లను పలక తెమ్మనండి. 298 కింద 246 రాయమనండి. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు, వందల కింద వందలు రావాలి. 8లోంచి 6 పోతే 2. 9లోంచి 4 పోతే 5. 2లోంచి 2 పోతే ఏమీ లేదు. తేడా 52 పరుగులు.

ఇంకో లెక్క. ఒక్కో జట్టుకు 50 ఓవర్లు. ఓవరుకు 6 బంతులు. మొత్తం ఎన్ని బంతులు? 300. మనవాళ్లు 300 బంతుల్లో 298 పరుగులు చేశారు. అంటే ఇంచుమించు బంతికి ఒక పరుగు. బడిలో ఇదే లెక్క ఇస్తే ఆవులించే పిల్లవాడు, ఆట లెక్క అనగానే పలక పట్టుకుని ముందుకొస్తాడు.

"నాకే లెక్కలు సరిగా రావు, పిల్లలకేం చెప్తాను?" అని ఏ అక్కయినా అడగవచ్చు. మీరు పంతులమ్మ కానక్కరలేదు. పిల్లను చెప్పమనండి, మీరు రాయండి. తప్పు వస్తే ఇద్దరూ కలిసి దిద్దుకోండి. వాడని కొడవలికి తుప్పు పడుతుంది. వాడని అక్షరం కూడా అంతే. రాత్రి బడిలో కష్టపడి నేర్చుకున్న అక్షరాలు నిలవాలంటే రోజూ వాటితో పని ఉండాలి. పిల్లల ఆట ఆ పని కల్పిస్తుంది.

ఆటలో చదువు

ఊళ్లోకి వచ్చే పత్రికలో ఆటల పేజీ ఒకటి ఉంటుంది. చదివేసిన పాత పత్రికను టీ కొట్లో అడిగినా ఇస్తారు. అందులో బొమ్మలు ఉంటాయి, పెద్ద అక్షరాలు ఉంటాయి. క్రికెట్, బ్యాడ్మింటన్, ఒలింపిక్స్ లాంటి మాటలు ఉంటాయి. ఈ మాటల్లో వత్తులు ఎక్కువ. పుస్తకంలో వత్తులు చూసి బెదిరినవాళ్లు కూడా వీటిని గబగబా చదువుతారు. ఎందుకంటే ఆ మాట చెవికి ముందే తెలుసు.

రోజూ ఒక బొమ్మ కత్తిరించండి. గోడకు అంటించండి. దాని కింద పిల్లల చేత ఒక వాక్యం రాయించండి. "సింధు బ్యాడ్మింటన్ ఆడింది." "2016లో వెండి పతకం గెలిచింది." "మళ్లీ 2021లో కంచు పతకం గెలిచింది." నెల తిరిగేసరికి గోడ మీద ఒక పుస్తకం తయారవుతుంది. దాన్ని మీరు కూడా చదవండి.

బరువు, కొలత

శ్రీకాకుళం జిల్లా కరణం మల్లేశ్వరి పేరు చాలామంది విన్నారు. చిన్నప్పుడు ఆమె బరువులు ఎత్తడం నేర్చుకుంటానంటే, సన్నగా ఉన్నావు, నీ వల్ల కాదన్నారు. అప్పుడు ఆమెకు ధైర్యం చెప్పింది ఎవరు? తల్లి. ఆ పిల్లే 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే.

ఆమె ఒక పద్ధతిలో 110 కిలోలు ఎత్తింది. ఇంకో పద్ధతిలో 130 కిలోలు ఎత్తింది. రెండూ కలిపితే 240. పిల్లలకు 130 కిలోలు అంటే తెలియదు. వడ్ల బస్తా చూపించండి. ఒక బస్తా 75 కిలోలు. రెండు బస్తాలు 150. అందులో 20 కిలోలు తీసేస్తే ఎంతో, అంత బరువు ఒక్కతే తల మీదికి ఎత్తి నిలబడింది. అప్పుడు చూడండి, పిల్లల కళ్లు ఎంత పెద్దవవుతాయో! కిలో అంటే ఏమిటో, క్వింటా అంటే ఏమిటో వాళ్లు ఇక మరిచిపోరు.

దూకుడు పందెం కూడా అలాగే. కేరళ అమ్మాయి అంజు బాబీ జార్జ్ 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 6 మీటర్ల 83 సెంటీమీటర్లు దూకింది. అది ఎంత దూరం? మీ చీర ఒకటి వాకిట్లో పొడవుగా పరవండి. ఆరు గజాల చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. ఆ చివర నుంచి ఇంకా మీటరు పైన కొలిచి సుద్దముక్కతో గీత గియ్యండి. అంజు అక్కడి దాకా దూకింది. ఇప్పుడు చీర తీసేసి పిల్లలను దూకమనండి. ఎవరు ఎంత దూకారో టేపుతో కొలిచి పలక మీద రాయమనండి. వారం తరువాత మళ్లీ దూకించండి. ఎంత పెరిగిందో తీసివేత చెయ్యమనండి. ఇక్కడ పిల్ల పోటీ పక్కింటి పిల్లతో కాదు. పోయిన వారం తనతోనే.

దేశాలు, పగలు, రాత్రి

ఒలింపిక్స్ నాలుగేళ్లకు ఒకసారి వస్తాయి. వాటి జెండా మీద అయిదు రింగులు ఉంటాయి. నీలం, పసుపు, నలుపు, ఆకుపచ్చ, ఎరుపు. అయిదు ఖండాల మనుషులు ఒకచోట కలుస్తారని దానికి అర్థం. 2024లో ఆటలు పారిస్‌లో జరిగాయి. 2028లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌కు ఇచ్చారు. బడిలో ప్రపంచ పటం ఉంటుంది. ఆట జరిగే ఊరు ఎక్కడుందో వెతికి రమ్మని పిల్లలకు పని చెప్పండి.

"వాళ్లు ఎండలో ఆడుతున్నారు, ఇక్కడ చీకటి పడిందే?" అని పిల్లలు అడుగుతారు. విసుక్కోవద్దు. ఒక దీపం, ఒక బత్తాయి తీసుకోండి. దీపం సూర్యుడు. బత్తాయి భూమి. దీపం వైపు ఉన్న సగానికి వెలుగు. అవతలి సగానికి చీకటి. బత్తాయిని మెల్లగా తిప్పితే పగలు, రాత్రి ఎలా వస్తాయో తెలుస్తుంది. లాస్ ఏంజెలిస్‌లో వేసవిలో పొద్దున 8 గంటలైతే ఇక్కడ రాత్రి 8న్నర. పాఠం అయ్యాక బత్తాయి అందరూ పంచుకుని తినండి. భాగహారం కూడా అయిపోతుంది.

ఆడపిల్ల ఎక్కడ?

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం వీధిలోకి చూడండి. ఆడుకునేది ఎవరు? చాలా వరకు మగపిల్లలే. మరి ఆడపిల్ల ఎక్కడ ఉంది? బిందె పట్టుకుని కుళాయి దగ్గర ఉంది. తమ్ముణ్ణి చంకనేసుకుని గడప దగ్గర ఉంది. అంట్ల దగ్గర ఉంది. పెద్దమనిషయితే ఇక ఆ కాస్త ఆట కూడా బందు. "పెద్దపిల్లవయ్యావు, ఎగురుళ్లు ఏమిటి?" అంటారు.

పూర్వం ప్రపంచమంతా అలాగే అంది. 1896లో కొత్తగా ఒలింపిక్స్ మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్లను రానివ్వలేదు. 1900లో పారిస్‌లో 22 మంది ఆడవాళ్లు ఆడారు. అదే పారిస్‌లో 2024లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా చోట్లు ఇచ్చారు. సున్నా నుంచి సమానం దాకా రావడానికి నూరేళ్లు దాటింది. ఎవరూ ఊరికే ఇవ్వలేదు. ఆడవాళ్లు అడిగారు, ఆడి చూపించారు. "ఈ వయసులో నీకు చదువేమిటి?" అని ఇంట్లో అన్నా, పలక పట్టుకుని రాత్రి బడికి వచ్చిన అక్కలకు ఆ కష్టం తెలుసు.

వరంగల్ జిల్లా కల్లెడ ఊరి పిల్ల దీప్తి జీవాంజిని చూడండి. తల్లిదండ్రులు కూలి పని చేసేవాళ్లు. పుట్టుకతోనే ఆమెకు బుద్ధి ఎదుగుదలలో లోపం ఉంది. ఊళ్లో కొందరు వెక్కిరించారు. కానీ ఆ పిల్ల పరుగెత్తితే ఎవరూ అందుకోలేరు. 2024లో పారిస్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. చదువులో వెనకబడిన పిల్లను "ఎందుకూ పనికిరాదు" అనకండి. ఏ పిల్లలో ఏముందో ఆడనిస్తేనే తెలుస్తుంది.

అందరి పిల్లలకూ పతకాలు రావు. రానక్కరలేదు. ఆడుకున్న పిల్లకు ఆకలి వేస్తుంది. నిద్ర పడుతుంది. నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుంది. ఓడినా లేచి నిలబడడం వస్తుంది. అది చాలు.

రోజుకు ఒక గంట ఆడపిల్లకు ఇవ్వండి. ఆ గంట నీళ్లు ఎవరు తేవాలి? అన్న తేవచ్చు. తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకోవాలి? నాన్న ఎత్తుకోవచ్చు. దానికి పతకం అక్కరలేదు, మనసు ఉంటే చాలు.

మన ఊరి ఆటల పండగ

పెద్ద ఆటలు జరిగే రోజుల్లో ఊళ్లో కూడా ఒక ఆటల పండగ చెయ్యవచ్చు. ఖర్చు లేదు. కొబ్బరి మట్ట చెక్కితే బ్యాటు. పాత గుడ్డలు చుట్టి కుడితే బంతి. తాడుతో స్కిప్పింగు. గీతలు గీస్తే తొక్కుడుబిళ్ళ, కబడ్డీ. పది మీటర్ల తాడుతో నలభై సార్లు కొలిస్తే 400 మీటర్ల పరుగు బాట తయారు. కొలిచే పని, పేర్లు రాసే పని పిల్లలకే ఇవ్వండి. గెలిచినవాళ్లకు బంతిపూల దండ వెయ్యండి. ఆడిన ప్రతి పిల్లకూ బెల్లం ముక్క పెట్టండి. ఆ రోజు తల్లులు కూడా ఒక పరుగు పందెం పెట్టుకోండి. అమ్మ పరుగెత్తగా చూసిన కూతురు ఇక సిగ్గుపడదు.

మూడు జాగ్రత్తలు

ఒకటి. ఆటను పందెం డబ్బులతో కలపవద్దు. క్రికెట్ మీద బెట్టింగులు కాసి కొంపలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఫోనులో ఆడే డబ్బు ఆటలూ అంతే. పిల్లల ముందు ఆ మాటే రానివ్వకండి.

రెండు. ఓడిన పిల్లను తిట్టవద్దు. మల్లేశ్వరి కూడా ఆఖరి సారి 137న్నర కిలోలు ఎత్తబోయి ఎత్తలేకపోయింది. అయినా దేశం ఆమెను నెత్తిన పెట్టుకుంది.

మూడు. రాత్రంతా టీవీ వద్దు. కాసేపు చూడనివ్వండి. మర్నాడు దాన్ని ఆడనివ్వండి, చెప్పనివ్వండి, రాయనివ్వండి. చూడడం ఒక పాలు అయితే ఆడడం రెండు పాళ్లు ఉండాలి.

అమ్మలారా! ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. "నీకు ఏ ఆట ఇష్టం?" అని. ఆమె చెప్పిన పేరు మీ చేత్తో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. తరువాత బిందె మీరు అందుకోండి, లేదా కొడుకు చేతికి ఇవ్వండి. పిల్లను ఆటకు పంపండి.