ఒడ్డు నుంచి సొర వేట: పాతకాలం వాళ్ళు దేనికి భయపడాలి?



"అన్నా, మన వరంగల్‌లో ఉన్నవి భద్రకాళి చెరువు, పాకాల, లక్నవరం. సొరచేపతో మనకేం పని?" అంటారు కదా. పని ఉంది. ఒడ్డు మీద నిలబడి పేద్ద సొరని లాగే రీల్స్ మీరూ చూసే ఉంటారు. వాటి కింద "సూర్యలంక పోదామా మామా" అనే కామెంట్లు కూడా. అందుకే ఈరోజు దీని గురించి మాట్లాడుకుందాం.

ముందు కొంచెం పాత కథ. మన కోస్తాలో జాలర్లు తెప్ప మీద వేటకి వెళ్ళేవాళ్ళు. తెప్ప అంటే నాలుగైదు దుంగల్ని తాడుతో కట్టినది, అంతే. ఇంజిన్ లేదు, లైఫ్ జాకెట్ లేదు. సొర దొరికితే మాంసం సొరపిట్టుకి, కాలేయం నూనెకి. రెండో ప్రపంచ యుద్ధంలో కాడ్ లివర్ ఆయిల్ దిగుమతి కష్టమైతే, విటమిన్ ఏ కోసం మద్రాస్ మత్స్య శాఖ సొర కాలేయం నూనె తయారు చేయించింది. అప్పుడు మన కోస్తా జిల్లాలూ మద్రాస్ ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. అంటే ఇది సరదా కాదు, వాళ్ళకి బతుకుదెరువు.

మరి ప్రమాదం ఎక్కడ? అందరూ పళ్ళు అనుకుంటారు. పళ్ళ దాకా రాకముందే రెండు ఉన్నాయి.

ఒకటి, అలలు విరిగే చోటు. తెప్ప మునగదు, కానీ తిరగబడుతుంది. తిరగబడితే అంత బరువు దుంగలు మనిషి మీదే పడతాయి. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, రోజూ ఆ చోటు దాటాలి.

రెండోది తాడు. బీటెక్ ఫస్ట్ ఇయర్ మెకానిక్స్ గుర్తుందా? స్తంభానికి తాడు చుడితే ఘర్షణ వల్ల పట్టు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక్క చుట్టుకే దాదాపు 6.5 రెట్లు. ఇప్పుడు ఆ స్తంభం మీ అరచెయ్యి అనుకోండి. గేలం తాడు చేతికి చుట్టుకుని ఉంది, అవతల వంద కిలోల చేప లాగింది. వదులుదామన్నా తాడు వదలదు. వేళ్ళు తెగుతాయి, లేదా మనిషే నీళ్ళలోకి పోతాడు. చేతికి గానీ నడుముకి గానీ తాడు చుట్టుకోకూడదు అనేది అందుకే.

మూడోది, ఒడ్డుకి లాగాక. సొరకి ఎముకలు ఉండవు, అంతా మృదులాస్థే. ఒళ్ళు బాగా వంగుతుంది. చాలా రకాల సొరలు తోక పట్టుకున్నవాడి దాకా తల తిప్పగలవు. కదలట్లేదు, చచ్చిపోయింది అనుకున్న చేప కూడా కరవొచ్చు. చర్మం గరుకు కాగితంలా ఉంటుంది, రాసుకుంటే తోలు లేచిపోతుంది.

అమెరికాలోనూ ఇదే పిచ్చి ఉండేది. 1964లో సౌత్ కరోలినాలోని చెర్రీ గ్రోవ్‌లో, సముద్రంలోకి కట్టిన వంతెన మీద నుంచి వాల్టర్ మాక్స్‌వెల్ అనే ఆయన 1,780 పౌండ్ల టైగర్ షార్క్‌ని పట్టాడు. అంటే సుమారు 807 కిలోలు! ప్రపంచ రికార్డు. అప్పట్లో ఒడ్డు నుంచి వేటాడేవాళ్ళు ఎరని లోతుకి చేర్చడానికి చిన్న పడవలో మనిషిని పంపేవాళ్ళు. ఒక్కసారి ఆలోచించండి. నెత్తురోడే మాంసం పట్టుకుని, సొరలు తిరిగే చోటికి, చీకట్లో.

సరే, ఇప్పుడు సొర వైపు నుంచి చూద్దాం. సొరలు పెద్దవడానికి ఏళ్ళు పడుతుంది, పిల్లలు కూడా తక్కువే. మన చెరువులో బొచ్చె, రవ్వ లక్షల్లో గుడ్లు పెడతాయి. సొర అలా కాదు. పట్టినంత వేగంగా అవి పుట్టవు. అందుకే తిమింగల సొరని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పెట్టారు. పులితో సమానం అన్నమాట. పడితే జైలే. 2015లో సొర రెక్కల ఎగుమతిని కూడా ఆపేశారు.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2022 డిసెంబర్‌లో అనకాపల్లి జిల్లా తంతడి బీచ్‌లో జాలర్ల వలకి తిమింగల సొర చిక్కింది. ప్రపంచంలోనే పెద్ద చేప ఇదే, కానీ తినేది సన్నటి ప్లాంక్టన్, చిన్న చేపలు. అటవీ శాఖ వాళ్ళు, జాలర్లు కలిసి దాన్ని మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపారు. సముద్రం మీద బతికేవాళ్ళే చేతికొచ్చిన చేపని వదిలారు, మనం రీల్ కోసం పట్టడం ఏంటి చెప్పండి?

బీచ్‌కి వెళ్ళండి, ఎంజాయ్ చేయండి. గేలం వేయాలనిపిస్తే అక్కడి జాలర్లని అడిగి, చిన్న చేపలకే వేయండి. పెద్దది ఏదో తగిలి లాగుతోందా? దారం కోసెయ్యండి. వంద రూపాయల దారం పోతే పోనీ. నీళ్ళు లోపలికి లాగితే ఒడ్డుకి ఎదురీదొద్దు, ఒడ్డు పొడవునా పక్కకి ఈది, ఆ లాగుడు తగ్గాక బయటికి రండి. మనం చెరువుల్లో ఈత నేర్చుకున్నోళ్ళం, చెరువుకి ఆ లాగుడు ఉండదు.

మీ ఫ్రెండ్స్ గ్రూప్‌లో బీచ్ ట్రిప్ ప్లాన్ ఉందా? ముందు ఈ వీడియో అక్కడ పెట్టండి. మీ వైపు సొరని ఏ పేరుతో పిలుస్తారో కామెంట్ చేయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి!