లిబరేటర్ తోలిన నటుడు
(బిలాస్‌పూర్, నెహ్రూ నగర్ సమావేశంలో చేసిన ప్రసంగం)



సినిమావాళ్ళు తెర మీదే వీరులని మనం నవ్వుకుంటాం. హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టీవర్ట్ అలా కాదండీ. 1941లో ఆస్కార్ అందుకుని నెల తిరక్కుండానే సైన్యంలో చేరాడు. బి-24 లిబరేటర్ బాంబర్లలో ఐరోపా మీద 20 సార్లు యుద్ధానికి వెళ్ళొచ్చాడు. క్లార్క్ గేబుల్ కూడా బి-17లో ఐదుసార్లు వెళ్ళాడు.

ఆ రకం లిబరేటర్లనే యుద్ధం అయ్యాక కాన్పూరులో గుట్టలుగా వదిలేశారు. మళ్ళీ ఎగరకుండా చెడగొట్టి మరీ పోయారు! హెచ్.ఏ.ఎల్. వాళ్ళు ఆ తుక్కులోంచి 42 విమానాలు లేపారు. వాటిని బెంగళూరుకి తోలుకెళ్ళింది జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్. ఏం గుండె అది! 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి. 1974లో ఒకదాన్ని బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియానికి మనమే బహుమతిగా ఇచ్చాం.

నేను గ్రౌండ్ సిబ్బందిలో పనిచేసినవాణ్ణి. స్టీవర్ట్‌కి సెల్యూట్ చేస్తాను. కానీ ఆ ఇంజన్లకి ప్రాణం పోసిన ఫిట్టర్ల పేర్లు ఎవరికి తెలుసు? మన లోకో షెడ్డు వాళ్ళకి ఆ కష్టం చెప్పక్కర్లేదు. మీ ఇళ్ళల్లో ఆనాటి ఫోటో గానీ, సర్వీసు కాగితం గానీ ఉంటే దయచేసి వచ్చే సంచికకి ఇవ్వండి.