గడ్డి మిషన్: ప్లగ్గులో కరెంటు రానప్పుడు



ఇంతసేపు యుద్ధాల ముచ్చట్లు విని, ఇప్పుడు గడ్డి కోసే మిషన్ గురించి వినమంటే నవ్వొస్తుంది. కానీ వానాకాలంలో యూనిట్ లైన్లలోనూ, మన కాలనీల్లోనూ దాని అవసరం అందరికీ తెలిసిందే. తాడు లాగీ లాగీ భుజం పడిపోతుంది, ఇంజను దగ్గనైనా దగ్గదు. మెకానిక్ నోట వచ్చే మాట ఒక్కటే, "కాయిల్ పోయింది సార్." చాలాసార్లు కాయిల్ పోదు, పోయేది మన డబ్బు.

ముందుగా ఒక హెచ్చరిక. బ్లేడు మీద చెయ్యి వేసేముందు ప్లగ్ క్యాప్ ఊడదీసి, ప్లగ్గుకు దూరంగా కట్టెయ్యండి. స్విచ్ ఆపాం కదా అనుకోవద్దు. ఈ ఇంజను మంటకు బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్ లోని అయస్కాంతం కాయిల్ ముందు నుంచి పోతే చాలు, కరెంటు పుడుతుంది. ఇరుక్కున్న గడ్డి తీద్దామని బ్లేడును చేత్తో తిప్పితే ఇంజను ఒక్కసారి పేలవచ్చు. వేళ్లు పోవడానికి ఆ ఒక్కసారి చాలు.

ఇక పరీక్ష. పెట్రోలు కాక్ మూసి, ప్లగ్గు విప్పి, క్యాప్ తొడిగి, దాని లోహభాగాన్ని ఇంజను బాడీకి ఆనించి తాడు లాగాలి. రంధ్రానికి దూరంగా పెట్టండి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. హ్యాండిల్ మీద లివర్ ఉంటే అది నొక్కిపట్టాలి, లేకపోతే కాయిల్ ఎర్త్ అయిపోయి ఉంటుంది. నీలంగా చిటపటమంటే సరే. లేదంటే ముందు కొత్త ప్లగ్గు, గ్యాప్ సుమారు 0.75 మి.మీ.

అయినా రాలేదా? కాయిల్ నుంచి స్విచ్ కు పోయే సన్నటి వైరు చూడండి. అది ఇంజను నడపడానికి కాదు, ఆపడానికి. పైతొడుగు ఊడి బాడీకి తగిలితే మిషన్ ఎప్పుడూ ఆఫ్ లో ఉన్నట్టే. కాయిల్ దగ్గర దాన్ని విప్పి మళ్లీ చూడండి. స్పార్క్ వచ్చిందంటే కాయిల్ నిర్దోషి! మా కాలనీ మిషన్ కు ఒక కొత్త కాయిల్ వేశారు, పనిచెయ్యలేదు. అదీ లోపమేనని రెండోది వేశారు. చివరికి చూస్తే ఎలుక కొరికిన వైరు. అయితే వైరు విప్పి ఇంజను స్టార్ట్ చెయ్యకండి, స్విచ్ తో ఆగదు.

అయస్కాంతం మీద తుప్పుంటే ఎమరీ పేపరుతో తుడవండి. కాయిల్ కూ దానికీ మధ్య ఖాళీ చాలా బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్లలో 0.25 నుంచి 0.35 మి.మీ. ఫీలర్ గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు పెట్టి బిగించండి. బాగా పాత ఇంజన్లకు పాయింట్లు కూడా ఉంటాయి, వాటి సంగతి వేరు.

స్పార్క్ బాగానే ఉంది, ఇంజను మాత్రం తాడును వెనక్కి లాక్కుంటోందా? బ్లేడు రాయికి తగిలిందేమో అడగండి. ఫ్లైవీల్ కీ కొద్దిగా కోసుకుపోయినా టైమింగ్ తప్పుతుంది. ఫ్లైవీల్ తీసి చూస్తేగానీ అది కనబడదు.

చల్లగా ఉన్నప్పుడు నడిచి, ఇరవై నిమిషాలకు ఆగిపోయే మిషన్ ఉంటుంది. వెంటనే ట్యాంకు మూత వదులు చేయండి. నడిచిందంటే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయింది. నడవకపోతే ఆ వేడిమీదే స్పార్క్ చూడండి. అప్పుడు స్పార్క్ లేదు, చల్లారాక వచ్చిందంటే మాత్రం కాయిల్ మార్చాల్సిందే.

బయట వరండాలో ఒక ఇంజను విప్పి పెట్టించాను. భోజనాలకు ముందు వచ్చి తాడు లాగి చూడండి.