తెగులును ముందు చూసేది ఎవరు?

(మహిళా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మొక్కల తెగుళ్ల శాస్త్రం చదువుకున్నదాన్ని. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన బట్లర్ 1918లో రాసిన పుస్తకంతో నా చదువు మొదలైంది. ఉద్యోగం మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్ర చెల్కల్లో, ఆముదం గెలల మధ్య గడిచింది. పాలెం పరిశోధనా కేంద్రం (2016 నుంచి ఇది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది) ఇచ్చిన క్రాంతి, హరిత రకాల పేర్లు మీరు వినే ఉంటారు. హరిత ఎండు తెగులును తట్టుకుంటుంది.

బూజు తెగులు సంగతి వేరు. గెల వేసిన దశలో ముసురు పట్టి తేమ నిలిస్తే కాయల మీద బూడిద రంగు బూజు అల్లుకుంటుంది. కాయలు కుళ్లి రాలిపోతాయి. గాలి దాన్ని పక్క గెలకు మోస్తుంది. పట్టిన కాయలను వెంటనే తెంపి కాల్చాలి, సకాలంలో మందు కొట్టాలి. ఆలస్యమైతే గెలంతా పోతుంది.

ఒక ఊళ్లో శిక్షణ పెట్టాం. పట్టాదారుల జాబితా చూసి పిలిచాం. వచ్చినవాళ్లంతా మగవాళ్లే. కుళ్లిన గెల చూపించి, ఇది ఎప్పుడు మొదలైందని అడిగాను. ఎవరూ చెప్పలేదు. మంచినీళ్లు అందిస్తున్న ఒకామె అంది: "మొన్న మంగళారం ముసురులనే చూసిన మేడం. మా ఇంటాయనకు చెప్పిన. మందుకు ఆయనే పోవాలె గదా."

నాకు సిగ్గేసింది. ఆ జాబితా తయారుచేసింది నేనే.

కలుపు తీసేది, గెల కోసేది, మందు కొట్టేటప్పుడు నీళ్లు మోసేది స్త్రీలు. తెగులు మొదట కనబడేది వాళ్లకే. నిర్ణయం మాత్రం పట్టా ఉన్నవాళ్లది. ఆ తర్వాత నేను చేను గట్టునే, పని వేళ చూసుకుని, ముందు వాళ్లతోనే మాట్లాడటం మొదలుపెట్టాను.

అయితే మాట్లాడితే సరిపోదు. హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును 1985 నుంచి మన రాష్ట్రం, 2005లో దేశమంతటా చట్టం ఇచ్చింది. కూలీలూ కౌలుదార్లూ రైతులేనని 2007 జాతీయ విధానం చెప్పింది. మీ ఊళ్లో ఎంతమంది స్త్రీల పేరున భూమి ఉంది? వచ్చే శిక్షణ జాబితాలో ఎంతమంది పేర్లున్నాయి?

వెళ్లి అడగండి. పేర్లు లేకపోతే రాయించండి. గెల కుళ్లే దాకా ఆగొద్దు.