కాలేయ శస్త్రచికిత్సలో పట్టు, విడుపు
(ట్రస్టు ఆరోగ్య సదస్సులో ఒక శస్త్రవైద్యుని ప్రసంగ పాఠం)



కాలేయంలో ఏర్పడిన గడ్డలను తొలగించడం నా వృత్తి. ఆ శస్త్రచికిత్సలో వైద్యులకు ప్రధానమైన భయం రక్తస్రావం. గుండె నుండి వెలువడే రక్తంలో సుమారు నాల్గవ వంతు కాలేయం గుండా ప్రవహిస్తుంది. అందులో దాదాపు మూడు వంతులు ప్రేగుల నుండి నిర్వాహక సిర ద్వారా, మిగిలిన వంతు ధమని ద్వారా చేరుతుంది. ఈ రెండు నాళాలూ కాలేయం దిగువన ఒకే కట్టలో సాగుతాయి.

ఆ కట్టను వ్రేళ్ళతో అదిమి రక్తస్రావాన్ని ఆపవచ్చునని గ్లాస్గో నగర శస్త్రవైద్యుడు జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ 1908లో ప్రకటించాడు. నేటికీ మేము అనుసరించే పద్ధతి అదే. వ్రేళ్ళకు బదులు పట్టీనో, పట్టకారునో వాడుతున్నాము.

అయితే రక్తాన్ని ఆపినందుకు కాలేయం మూల్యం చెల్లిస్తుంది. ప్రాణవాయువు అందక కణాలలో శక్తి నిల్వలు తరుగుతాయి, ఆమ్లం పేరుకుంటుంది, కణాలు ఉబ్బుతాయి. పట్టు విడిచిన తరువాత కూడా గండం పూర్తిగా గడవదు. తిరిగి వచ్చిన ప్రాణవాయువు నుండే తీవ్రమైన రసాయనాలు పుట్టి కణాల పొరలను దెబ్బతీస్తాయి. రక్షణకై ఉన్న తెల్లకణాలు ఆ వాపును మరింత పెంచుతాయి. రక్తం ఆగినప్పుడు ఒక గాయం, తిరిగి వచ్చినప్పుడు మరొక గాయం.

అందువలన సాధారణంగా పదిహేను నిమిషాలు పట్టి, ఐదు నిమిషాలు విడుస్తాము. కరువు ఏట కాలువ నీటిని వంతులవారీగా వదిలి పైరును బ్రతికించుకొన్నట్లే ఇదీ. ఆ ఐదు నిమిషాలూ మా చేతులు ఊరకుంటాయి. గడియారం చూచే సహచరుడు "సమయమైనది" అంటే, కోత ఎంత స్వల్పంగా మిగిలినా విడువవలసినదే.

ఆరోగ్యవంతమైన కాలేయం ఈ నియమాన్ని చక్కగా ఓర్చుకొంటుంది. కొవ్వు పట్టినది, మద్యం వలన గట్టిపడినది అంతగా ఓర్వలేదు. ఒక అనుభవం మనవి చేస్తాను. నిత్యాన్నదానానికి విరాళమిచ్చే ఒక పెద్దమనిషికి నేను శస్త్రచికిత్స చేశాను. మద్యం అలవాటు ఉన్నదా అని ముందుగా అడిగాను. లేదన్నారు. ఉదరం తెరచి చూస్తే కాలేయం పసుపు వన్నెలో, కొవ్వుతో బరువెక్కి ఉన్నది. పట్టు సమయాన్ని పది నిమిషాలకు తగ్గించాము. అయినా ఆయనకు కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. మూడు వారాల పాటు ఇంటివారు కంటికి కునుకు లేక గడిపారు. చివరకు ఆయన కోలుకొన్నారు.

ఇంటికి వెళ్ళే ముందు ఆయన నాతో ఒంటరిగా అన్నారు: "డాక్టరుగారూ, ఆనాడు మీరు నా కొడుకుల ఎదుట అడిగారు. ఏమని చెప్పను?"

తప్పు ఆయనది మాత్రమే కాదు, నాది కూడా. నాటి నుండి ఆ ప్రశ్నను రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతున్నాను.

మీకు నా విన్నపం ఒక్కటే. శస్త్రచికిత్సకు ముందు మద్యం, మధుమేహం, వాడుతున్న నాటుమందులు, ఏదీ దాచవద్దు. నలుగురిలో చెప్పలేకపోతే వైద్యునితో ఏకాంతంగా మాట్లాడాలని అడగండి. అది మీ హక్కు. ఎంతసేపు పట్టవచ్చునో, ఎప్పుడు విడువవలెనో మేము నిర్ణయించేది మీరు చెప్పే సత్యాన్ని బట్టి కూడా.

స్వామివారు అందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.