ఎగువ నీరు, దిగువ నేల
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆటపాటల నడుమ మధ్య ఆసియా ముచ్చట యెందుకని కొందరికి అనిపించవచ్చు. మలేషియాలో పుట్టి పెరిగిన మనకు ఈ సమస్య కొత్తది కాదు. 1962లో కుదిరిన ఒడంబడిక ప్రకారం జొహోర్ నదినుండి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల వరకు సింగపూరు తీసుకోవచ్చు. 1965లో సింగపూరు వేరు దేశమైనది. ధర విషయమై మాటలు పెరిగినవి గాని నీరు మాత్రం ఆగలేదు. వేరుపడిన తరువాత గూడ ఇరుగుపొరుగులు మాట నిలుపుకొన్నారన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయి, ఒకే దేశంగా ఉన్న భూమి పదిహేను దేశాలైనది. సరిహద్దులు గీసుకోవచ్చు గాని నదిని కోసి పంచుకోలేము గదా! కిర్గిజ్‌స్తాన్ కొండల్లో నరిన్ నదిపై టోక్టోగుల్ జలాశయమున్నది. దానిలో 1,950 కోట్ల ఘనపు మీటర్ల నీరు పడుతుంది. ఆ నీరే సిర్ దర్యాగా దిగివచ్చి ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ పొలాలను తడుపుతుంది. సోవియట్ కాలంలో ఏర్పాటు సులువుగా ఉండేది. చలికాలంలో నీటిని నిలువజేసి, ఎండాకాలంలో ప్రత్తి చేలకు వదిలేవారు. అందుకు బదులుగా దిగువనుండి బొగ్గు, గ్యాసు పైకి వెళ్ళేవి.

దేశాలు వేరుకాగానే బొగ్గుకూ, గ్యాసుకూ ఖరీదు కట్టవలసి వచ్చింది. కొనలేని కిర్గిజ్ ప్రజలు చలికి తాళలేక, కరెంటు కోసం చలికాలంలోనే నీరు వదిలారు. దిగువన చలికాలంలో వరద, వేసవిలో కరువు! ఎవరిది తప్పనగలం? 1998లో నీటికి బదులు ఇంధనమిచ్చే ఒప్పందం వ్రాసుకున్నారు. కొన్నేళ్ళకే అది సడలిపోయింది.

రక్షణ విషయంలోను ఇంతే. 1992లో తాష్కెంటులో సామూహిక భద్రతా ఒడంబడిక కుదిరింది. 2002లో అది ఒక సంస్థగా రూపొందింది. ఉజ్బెకిస్తాన్ ఒకసారి వెళ్ళిపోయి, తిరిగి చేరి, 2012లో మళ్ళీ విడిచింది. కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ రెండూ అందులో సభ్యులే. అయినా 2021 ఏప్రిల్‌లో ఒక కాలువ తూము దగ్గర మొదలైన తగాదా సైన్యాల పోరుగా మారి, యాభైమందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 సెప్టెంబరులో అంతకంటె ఘోరంగా పోరాడుకున్నారు. ఒకే కూటమిలో ఉన్నంత మాత్రాన పొరుగు తగవు తీరలేదు.

దానిని తీర్చినది ఓపిక. దాదాపు వెయ్యి కిలోమీటర్ల సరిహద్దును ఊరూరా, గట్టుగట్టునా కొలుచుకుంటూ వచ్చి, 2025 మార్చి 13న బిష్కెక్‌లో ఇరుదేశాల అధ్యక్షులు, జపరోవ్, రహ్మాన్, సంతకాలు చేశారు. అదే నెల 31న ఖుజంద్‌లో ఉజ్బెక్ అధ్యక్షుడు మిర్జియోయెవ్ కూడా కలిసి, మూడు దేశాలు కలిసే చోటును ఖాయపరిచారు. అంతకు ముందే, 2023 జనవరిలో, నరిన్ నదిపైననే కంబరాతా విద్యుత్ కేంద్రాన్ని కలిసి కట్టడానికి కిర్గిజ్, ఉజ్బెక్, కజక్ ప్రభుత్వాలు ఒక ప్రణాళికపై సంతకాలు చేశాయి. దిగువవారే ఎగువ ఆనకట్టకు చేయూతనివ్వ బూనడం విశేషం కాదా?

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. 2022లో కెంపిరాబాద్ జలాశయపు భూమిని ఉజ్బెకిస్తాన్‌కు ఇవ్వడాన్ని ప్రశ్నించిన కిర్గిజ్ పౌరులు ఇరవైమందికి పైగా నిర్బంధం పాలయ్యారు. 2024లో న్యాయస్థానం వారిని నిర్దోషులన్నది. ఊరివారిని అడుగకుండా పైవారు చేసుకున్న ఒప్పందానికి ఈ బాధ తప్పదు. పొత్తు నిలవాలంటే గట్టుమీది రైతు కూడా ఒప్పుకోవాలి.

పెద్ద పెద్ద కూటముల పేర్లు మన పిల్లలు బడిలో చదువుకుంటారు. వాటితోపాటు తూము దగ్గర కుదిరిన ఈ చిన్న ఒప్పందాలనుగూడ తెలుసుకొమ్మని నా కోరిక. తనకు నీరెంత కావాలో లెక్కించుకోవడం ఎవరికైనా వచ్చు. పొరుగువానికి చలికాలంలో వేడి ఎంత కావాలో గూడ లెక్కించినప్పుడే ఒప్పందం నిలుస్తుంది.